పోస్టర్ మీద లేని పేరు: ఉమ్మడి నల్గొండ, పాలమూరు గేమింగ్ అడ్మిన్లకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో గేమింగ్ గ్రూపులు, డిస్కార్డ్ సర్వర్లు (ఆటగాళ్లు మెసేజ్‌లతో, వాయిస్‌తో మాట్లాడుకునే ఆన్‌లైన్ గదులు), టోర్నమెంట్లు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే.

సంక్రాంతి సెలవుల టోర్నమెంట్ల పోస్టర్లు అప్పుడే తిరుగుతున్నాయి. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల, వనపర్తి, ఏ గ్రూప్ తెరిచినా అవే. పైన ప్రైజ్ పూల్, మధ్యలో మ్యాచ్‌కు కామెంటరీ చెప్పే కాస్టర్ల ఫొటోలు, కింద స్పాన్సర్లుగా మొబైల్ షాపు, బిర్యానీ సెంటరు. పోస్టర్ డిజైన్ చేసిన అబ్బాయి పేరు కూడా మూలకు ఉంటుంది. మోడరేటర్లు, అంటే గ్రూప్‌లో మాటలు అదుపులో ఉంచి గొడవలు తీర్చేవాళ్లు, ఎవరన్నది మాత్రం నేను చూసిన వాటిలో ఎక్కడా లేదు. ఇద్దరు ముగ్గురు నిర్వాహకులకు ఫోన్ చేసి అడిగాను. "మోడరేటర్లు ఎందుకక్కా, మా దోస్తులు ఉంటరు గదా, ఏమన్న అయితే చూస్తరు" అన్నారు. ఆ జవాబు విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తాను. రాత్రి పూట ఒక తెలుగు బీజీఎంఐ (మొబైల్‌లో ఆడే షూటింగ్ ఆట) సర్వర్‌లో మోడరేటర్‌ని. పబ్‌జీ రోజుల నుంచీ ఆడుతున్నదాన్ని కాబట్టి, ఆటలంటే పడని మనిషి రాసిన ఉత్తరం అనుకోకండి. గేమ్ కంపెనీ ఆటను తయారుచేస్తుంది. ఆ ఆట చుట్టూ చేరినవాళ్లలో ఎవరు నిలబడతారు, ఎవరు నోరు మూసుకుని వెళ్లిపోతారు, కొత్తగా వచ్చిన పిల్లాడు ఏం నేర్చుకుంటాడు అన్నవి మాత్రం మోడరేటర్ చేతిలో ఉంటాయి. మీరు ప్రైజ్ మనీకి పెట్టే శ్రద్ధలో కొంత ఇక్కడ పెట్టమని అడగడానికే రాస్తున్నాను.

మనందరికీ తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. 2021 జులై 2న క్రాఫ్టన్ కంపెనీ ఆ ఆటనే బీజీఎంఐ పేరుతో తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే ఇంకో ఆట పోయింది. అదే ఏడాది జులై 28న బీజీఎంఐ కూడా స్టోర్లలో కనిపించకుండా పోయి, 2023 మే నెలాఖరుకు గానీ తిరిగి రాలేదు. పది నెలలు. ఆ పది నెలల్లో మన వైపు వందల మంది ఉన్న గ్రూపులు ఎన్ని మూతపడ్డాయో మీకు తెలుసు. కొన్ని మాత్రం నిలబడ్డాయి. వాటిని గమనించి చూడండి. వాటిలో రాత్రి తొమ్మిదయితే ఎవరో ఒకరు వాయిస్ రూమ్ తెరిచి కూర్చునేవాళ్లు. లూడో ఆడించారు, చెస్ ఆడించారు, ఏమీ లేకపోతే ముచ్చట్లు పెట్టారు. భీవండిలో, ముంబైలో, దుబాయ్‌లో పని చేసుకునే మన పాలమూరు, నల్గొండ పిల్లలు డ్యూటీ దిగి ఆ రూమ్‌లోకి వచ్చేవాళ్లు. ఆటే లేనప్పుడు వాళ్లు దేనికి వచ్చినట్టు? అక్కడ తమను పేరు పెట్టి పలకరించే మనిషి ఒకరు ఉన్నారు కాబట్టి.

మన ఊళ్లలో చెరువు కింద నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, రాత్రి పూట కాలువకు గండి కొట్టింది ఎవరు, అన్నీ ఆయన కంట్లో ఉండేవి. చెరువు ఆయనది కాదు, పొలాలూ ఆయనవి కావు. అయినా ఆయన నిక్కచ్చిగా ఉన్న ఏడు చివరి మడి కూడా పండేది. ఆయన తూము దగ్గరి పెద్ద రైతుకు మొహమాటపడ్డ ఏడు కింది పొలాలు ఎండేవి. గ్రూప్‌లో మాట్లాడే అవకాశం కూడా అలాంటిదే. పెద్ద గొంతున్న ఐదారుగురు మొత్తం వాడేసుకుంటే, మొన్ననే చేరిన దేవరకొండ పిల్లాడికి ఏమీ మిగలదు. వాడు ఒకటి రెండు మెసేజ్‌లు పెట్టి, "నూబ్" (ఆట రానివాడు) అనిపించుకుని, తర్వాత మాట్లాడడు. గ్రూప్‌లో సంఖ్య అలాగే కనిపిస్తుంది గనుక వాడు పోయినట్టు మీకు తెలియను కూడా తెలియదు.

ఉమ్మడి చెరువులను, అడవులను, చేపల వేట చోట్లను ఊళ్లు ఎలా కాపాడుకుంటాయో చదివిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. చాలాకాలం నిలిచిన ఊళ్లలో ఆమెకు కనిపించినవాటిలో కొన్ని మనకు సూటిగా పనికొస్తాయి. నియమాలు పెట్టుకోవడంలో వాడుకునేవాళ్లకు మాట ఉంటుంది. కాపలా కాసే మనిషి వాళ్లకు జవాబు చెప్పుకోవాలి. మొదటి తప్పుకు చిన్న శిక్ష, మళ్లీ మళ్లీ చేస్తే పెద్దది. మన గ్రూపుల్లో ఉన్న పద్ధతి దీనికి తలకిందులు. నెలల తరబడి ఎవరేం అన్నా పట్టించుకోరు. ఒక రోజు అడ్మిన్‌కు కోపం వస్తుంది, సీదా బ్యాన్. బ్యాన్ అయినవాడు ఇంకో నంబరుతో ఆల్ట్ అకౌంట్ తెచ్చుకుని, ఈసారి కక్షతో వస్తాడు.

మంచి మోడరేటర్ పనిలో ఎక్కువ భాగం ఎవరికీ కనిపించదు. ఎవడో ఒక మాట జారాడు అనుకోండి. అందరి ముందు గద్దిస్తే వాడి స్క్వాడ్ (టీమ్) మొత్తం వాడి వెనక నిలబడుతుంది, పది నిమిషాల్లో గ్రూప్ రెండు ముక్కలవుతుంది. అదే పర్సనల్‌లో, "తమ్మీ, ఆ మెసేజ్ తీసేయ్, ఇందులో స్కూలు పిల్లలున్నరు" అంటే చాలామంది మారు మాట్లాడకుండా తీసేస్తారు. పరువు పోలేదు కాబట్టి పంతం కూడా రాదు. వినకపోతే గంట మ్యూట్, అంటే మాట్లాడకుండా ఆపడం. మళ్లీ అయితే ఒక రోజు టైమ్‌అవుట్. గొడవ వేడెక్కుతున్నప్పుడు స్లో మోడ్ పెడితే మెసేజ్‌కూ మెసేజ్‌కూ మధ్య కొంత వ్యవధి వస్తుంది, ఆ కాస్త ఆలస్యానికే సగం మంది చల్లబడతారు. బ్యాన్ చివరిది. అయితే బెదిరింపులు, అమ్మాయిల ఫొటోలు మార్ఫింగ్ చేసి పెట్టడం, చిన్నపిల్లలతో చెత్తగా మాట్లాడటం, వీటికి మెట్లు లెక్కపెట్టడం లేదు. ముందు స్క్రీన్‌షాట్, వెంటనే బ్యాన్, ఆ తర్వాత పోలీసులు.

ఏ చర్య తీసుకున్నా కారణం చెప్పాలి. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆట నడిపే రయట్ గేమ్స్ 2011లో ట్రిబ్యునల్ అని ఒకటి పెట్టింది. ఫిర్యాదు వచ్చిన ఆటగాళ్ల చాట్‌ను మామూలు ఆటగాళ్లే చదివి, శిక్షించాలా క్షమించాలా అని ఓటు వేసేవాళ్లు. ఆలోచన బాగుంది, కానీ తీర్పు ఆలస్యంగా వచ్చేది. ఎప్పుడో తిట్టినదానికి ఇప్పుడు శిక్ష పడితే వాడికి ఏం గుర్తుంటుంది? 2014కు దాన్ని ఆపేశారు. తర్వాత తెచ్చిన పద్ధతిలో త్వరగా చెప్పడం, ఏ మాటల వల్ల శిక్ష పడిందో ఆ చాట్‌నే జతచేసి పంపడం మొదలుపెట్టారు. మన దగ్గర దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మ్యూట్ చేస్తూ ఆ స్క్రీన్‌షాట్ పంపి, ఏ రూల్ కింద చేశారో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

ఇక భాష సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే బయట తయారైన టూల్స్ మనల్ని ముంచేది ఇక్కడే. డిస్కార్డ్ 2022లో ఆటోమాడ్ తెచ్చింది. బూతుల జాబితా ఇస్తే ఆ పదాలున్న మెసేజ్‌లను అదే ఆపేస్తుంది. ఇంగ్లిష్‌కు పర్వాలేదు. తెలుగు బూతును మన పిల్లలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ని స్పెల్లింగులతో రాయగలరో మీకు చెప్పాలా? జాబితాలో ఒకటి చేరిస్తే సాయంత్రానికి నాలుగు కొత్తవి పుడతాయి. పోనీ, పదం మొదట్లోని అక్షరాలు పట్టుకుని ఆపమందాం అంటే ఇంకో తంటా. వానాకాలంలో మా సర్వర్‌లో ఒక అబ్బాయి డెంగీ వచ్చింది, ఇవాళ ఆడలేను అని రాస్తే బాట్, అంటే ఆటోమాడ్ లాంటి ప్రోగ్రాం, వాణ్ని మ్యూట్ చేసింది. ఎందుకో తెలుగువాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. బాట్‌కు మాత్రం ఎవరు చెప్పగలరు?

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఇంకొన్ని ఉన్నాయి. జాబితాలో ఒక్క పదం లేకుండా మనిషిని కాల్చేయవచ్చు. తండా పిల్లాడు బాగా ఆడితే, "మీకు రిజర్వేషన్ ఇక్కడ కూడా ఉందారా" అంటారు. అందులో బూతు ఎక్కడుంది? కులం పేరునే తిట్టుగా వాడేవాళ్లు ఉన్నారు. ఎస్సీ, ఎస్టీలను నలుగురికీ తెలిసేలా కులం పేరుతో అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మరోవైపు పాలమూరు దోస్తులు ఇద్దరు "ఏందిరా బై, సచ్చినవా" అని ప్రేమగా అరుచుకుంటారు. వేరే జిల్లా నుంచి వచ్చినవాళ్లకు అది గొడవలా వినిపిస్తుంది. ఏది ముచ్చట, ఏది అవమానం అన్నది ఆ యాసలో పెరిగిన చెవికే తెలుస్తుంది. అందుకే మోడరేటర్లను ఎంచుకునేటప్పుడు ఒకే ఊరి, ఒకే కాలేజీ, ఒకే కులం దోస్తులను పెట్టుకోకండి. లంబాడీ మాట్లాడే మోడరేటర్ ఒకరు లేకుండా దేవరకొండ, అచ్చంపేట పిల్లలున్న గ్రూప్‌ను ఎలా చూసుకుంటారు? మీకు అర్థంకాని భాషలో మీ కళ్ల ముందే ఏం జరుగుతోందో ఎవరు చెబుతారు?

అమ్మాయిల విషయం అందరూ ఒక వాక్యంలో దాటేస్తారు. నేను దాటను. మన గ్రూపుల్లో అమ్మాయిలు లేరని మీరంటారు. ఉన్నారు. అబ్బాయి పేరుతో ఐడీ పెట్టుకుని, మైక్ ఆఫ్ చేసుకుని ఆడుతున్నారు. మైక్ లేకుండా స్క్వాడ్ ఆటలో ఎంత నష్టమో మీకు తెలుసు. శత్రువు ఏ వైపు ఉన్నాడో చెప్పలేరు, అందుకే "ఆడరాదు" అనిపించుకుంటారు. ఎప్పుడైనా మైక్ ఆన్ చేస్తే మొదటి అర నిమిషంలో వచ్చే మాటలు నేను ఇక్కడ రాయలేను. అడ్మిన్‌కు చెబితే వచ్చే సలహా ఒకటే: "వాణ్ని బ్లాక్ చేసుకో చెల్లె." ఆమె బ్లాక్ చేసుకుంటే ఆమెకు కనిపించడు, అంతే. వాడు అక్కడే ఉండి ఇంకో అమ్మాయి కోసం చూస్తుంటాడు. బ్లాక్ ఆమె తలుపు వేసుకోవడం, చర్య తీసుకోవడం మీ బాధ్యత. వాయిస్ రూమ్‌లో ఒక మోడరేటర్ వింటూ ఉన్నాడని తెలిస్తే చాలు, అక్కడి మాటల తీరు మారిపోతుంది. మా సర్వర్‌లో ఒక మహిళా మోడరేటర్ ఎప్పుడూ డ్యూటీలో ఉండేలా చూసుకోవడం మొదలయ్యాక అమ్మాయిలు తమ సొంత పేర్లతో ఆడుతున్నారు. వెంటపడి వేధించేదాకా వస్తే పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. తెలంగాణలో అవి 2014 నుంచి పని చేస్తున్నాయి, ఆ నంబరు మీ రూల్స్ పక్కన పిన్ చేసి పెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు.

కెనడాలో స్టువర్ట్ డంకన్ అనే ఒక తండ్రి 2013లో ఆటిజం ఉన్న పిల్లల కోసం ఆట్‌క్రాఫ్ట్ అని, దిమ్మెలతో కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటకు ఒక సర్వర్ తెరిచాడు. మిగతా సర్వర్లలో ఆ పిల్లలను ఏడిపించి, వాళ్లు కట్టుకున్నవి కూల్చేసేవాళ్లు.  ఆయన లోపలికి వచ్చేవాళ్లను దరఖాస్తు చూసి తీసుకున్నాడు, లోపల పెద్దవాళ్లు చూసుకుంటూ ఉండేలా చేశాడు. అదే ఆట, అవే దిమ్మెలు, పిల్లలు మాత్రం అక్కడ నిలిచారు. ఆటల్లో తిట్లు మామూలే, ఆపలేం అని మీలో కొందరు అంటుంటారు కదా, వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట. టోర్నమెంట్లలో మోడరేటర్ అంటే మ్యాచ్‌లోకి రావడానికి కావాల్సిన రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ పోస్ట్ చేసేవాడు అనుకుంటున్నారు. స్లాట్ లిస్ట్ (ఏ టీమ్‌కు ఏ చోటో చూపే జాబితా) చూడటం, ఆలస్యంగా వచ్చిన టీమ్‌ను ఏం చేయాలో తేల్చడం, రెండు టీమ్‌లు కుమ్మక్కై ఆడుతున్నాయా అని కనిపెట్టడం, హ్యాక్ అనుమానం వస్తే పీఓవీ రికార్డింగ్ (ఆ ఆటగాడి స్క్రీన్ మీద కనిపించినదాని వీడియో) అడిగి తీసుకోవడం, పాయింట్స్ టేబుల్ సరిచూడటం, అమ్రాబాద్ వైపు సిగ్నల్ పోయి మ్యాచ్ నుంచి జారిపోయిన పిల్లాడికి ఏ రూల్ వర్తిస్తుందో చెప్పడం, ఇవన్నీ ఆ మనిషి పనే. ఇందులో ఏ ఒక్కటి తేడా వచ్చినా రాత్రికి రాత్రి గ్రూప్ తగలబడుతుంది. ఒక కాలేజీ ఫెస్ట్ ఫైనల్లో మేము మోడరేటర్లుగా ఉన్నాం. రెండు టీమ్‌లు కలిసి ఆడినట్టు రికార్డింగ్‌లో స్పష్టంగా కనిపించింది, రెండింటినీ తప్పించాం. పావుగంటలో నిర్వాహకులకు ఒక ఫోన్ వచ్చింది. అందులో ఒక టీమ్ స్పాన్సర్ బంధువులదట. మా నిర్ణయం పోయింది, కప్పు వాళ్లకే పోయింది. ఓడిన టీమ్‌లలో ఒక్కరు కూడా మళ్లీ వాళ్ల టోర్నమెంట్‌కు రాలేదు. మరుసటి ఏడాది స్లాట్లు నిండక ఈవెంటే రద్దయింది. పేర్లు చెప్పను, ఆ గదిలో ఉన్నవాళ్లకు తెలుసు.

తీర్పు చెప్పేవాళ్లకు తెలిసినవాళ్లు ఆటలో ఉంటారు, చిన్న జిల్లాల్లో అది తప్పదు. దానికి మార్గాలు ఉన్నాయి. కౌంటర్ స్ట్రైక్ ఆటలో 2013లో ఓవర్‌వాచ్ అనే పద్ధతి తెచ్చారు. అనుభవమున్న ఆటగాళ్లు అనుమానితుడి మ్యాచ్ రికార్డింగ్ చూసి తేల్చేవాళ్లు, కానీ వాడి పేరు వాళ్లకు కనిపించేది కాదు. ఒక్కరి మాట మీద కాకుండా పలువురి తీర్పులు కలిస్తేనే శిక్ష. మనం దీన్ని చేతితో చేసుకోవచ్చు. నల్గొండ ఫైనల్లో వివాదం వస్తే ఆ క్లిప్‌ను టీమ్ పేర్లు చెరిపేసి గద్వాల వాళ్లకు పంపండి. గద్వాలలో వస్తే మిర్యాలగూడకు పంపండి. ముగ్గురు విడివిడిగా చూసి చెప్పాలి. తన టీమ్ ఆడుతున్న మ్యాచ్‌కు ఏ మోడరేటరూ కూర్చోకూడదు. శిక్ష పడినవాడు అప్పీలు చేసుకుంటే ఆ శిక్ష వేసిన మనిషి కాకుండా వేరేవాళ్లు వినాలి. డిస్కార్డ్‌లో ఎవరు ఎవరిని ఏం చేశారో చూపే ఆడిట్ లాగ్ 45 రోజులకు మించి ఉండదు, అందుకని ఒక గూగుల్ షీట్‌లో మీరే రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత అదే ఐడీ ఇంకో జిల్లాలో తేలినప్పుడు ఆ షీటే మిమ్మల్ని ఆదుకుంటుంది.

చట్టం గురించి రెండు ముక్కలు. గ్రూప్‌లో ఎవడు ఏం పెట్టినా అడ్మిన్‌నే లోపలేస్తరు అన్న భయంతో మంచివాళ్లు అడ్మిన్‌గా ఉండటానికి వెనకాడుతున్నారు. 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు, సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని చెప్పాయి. తాను కూడా దాంట్లో భాగమైతే అది వేరే సంగతి. మీరు నిజంగా భయపడాల్సింది ఎంట్రీ ఫీజుల గురించి. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తామంటూనే, గెలిస్తే డబ్బు వస్తుందని డబ్బు కట్టి ఆడే ఆటలను అది నిషేధించింది. అలాంటివి నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. తలా యాభై వసూలు చేసి, దాన్నే పోగేసి ప్రైజ్ మనీగా ఇచ్చే మన పద్ధతి ఇందులో ఎక్కడ పడుతుందో స్లాట్లు అమ్మేముందే ఒక వకీలును అడగండి. స్పాన్సర్ డబ్బుతో ప్రైజ్, ఆటగాళ్లకు ఎంట్రీ ఫ్రీ అయితే మీకూ నిద్ర పడుతుంది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి మోసాల సంగతి కూడా. తక్కువ ధరకు యూసీ (బీజీఎంఐలో కొనుక్కునే కరెన్సీ) ఇప్పిస్తామని, పాత ఐడీ అమ్ముతామని, హ్యాక్ ఫైల్ ఇస్తామని లింకులు పెట్టేవాళ్లు ప్రతి గ్రూప్‌లో తిరుగుతుంటారు. నాన్న ఫోన్‌లోని ఫోన్‌పే నుంచి పిల్లాడు డబ్బు పంపేస్తాడు, ఇంట్లో చెప్పడానికి భయపడతాడు. ముందు చెప్పేది మోడరేటర్‌కే, అదీ నమ్మకం ఉంటేనే. అప్పుడు మోడరేటర్ తిట్టకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయించాలి, ఇంట్లోవాళ్లకు చెప్పించాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇలాంటిదే ఇంకొకటి. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజుల్లో అర్ధరాత్రి ఎవరో "ఇంక నేను ఉండనురా" అని రాస్తారు. కొందరు దానికి కూడా నవ్వే ఎమోజీలు పెడతారు. ఆ సమయంలో మేలుకుని ఉన్న మోడరేటర్ ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. వాణ్ని పర్సనల్‌లో మాటల్లో పెట్టాలి, వాడి దగ్గరి దోస్తును లేపాలి, మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416 ఇవ్వాలి. ఇది మోడరేటర్ ఒక్కడి మీద వేయదగిన బరువు కాదు. కానీ ఆ గంటలో అక్కడ ఉన్నది వాడే.

అందుకే అడుగుతున్నాను, ఇన్ని చేసే మనిషికి మీరు ఏం ఇస్తున్నారు? కాస్టర్‌కు డబ్బులు, డిజైనర్‌కు డబ్బులు, మోడరేటర్‌కు పేరు పక్కన ఒక రంగు. అమెరికాలో ఏఓఎల్ కంపెనీ చాట్ రూములను వలంటీర్లతో నడిపించుకుంది. మాతో ఉద్యోగం చేయించుకుని జీతం ఎగ్గొట్టారని వాళ్లు 1999లో కోర్టుకెక్కారు. 2010లో కంపెనీ కోటిన్నర డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. అల్టిమా ఆన్‌లైన్ అనే ఆటలో సాయం చేసిన వలంటీర్లు కూడా అలాగే కేసు వేశారు. మనమేమీ కంపెనీలం కాము, నాకు తెలుసు. కానీ ప్రైజ్ పూల్‌లో కొంత భాగం మోడరేటర్లకని ముందే పక్కన పెట్టడం ఎవరికీ భారం కాదు. నీరటికి కూడా పంటలో మేర ఉండేది, ఊరికే ఎవరూ తూము కాయలేదు. డబ్బు కుదరకపోతే కనీసం షిఫ్టులు పెట్టండి. రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా రద్దీ ఉంటుంది, ఒక్కరే రోజూ కూర్చుంటే నెలకే విసుగొస్తుంది, విసుగొచ్చిన మోడరేటర్ కారణం లేకుండా మ్యూట్ చేయడం మొదలుపెడతాడు. అప్పుడు మీరే వాణ్ని తీసేస్తారు.

మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీల్లో ఫెస్ట్‌లు పెట్టే విద్యార్థి సంఘాలకు ఒక మాట విడిగా చెప్పాలి. ఆడేవాళ్లలో పద్దెనిమిది నిండనివాళ్లు ఉంటారు. బీజీఎంఐ 2023లో తిరిగి వచ్చినప్పుడు మైనర్లకు రోజుకు మూడు గంటల పరిమితి పెట్టింది. నాన్న నంబరుతో అకౌంట్ తెరిచి దాన్ని ఎలా దాటుతున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కనీసం మీ మ్యాచ్‌లు రాత్రి పదకొండుకు పెట్టి దానికి తోడుపడకండి. ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాక ఫైనల్స్ పెట్టకండి. ఆడేవాళ్ల వయసు అడగండి, చిన్నపిల్లలుంటే వాళ్ల వాయిస్ రూమ్ వేరుగా పెట్టండి, అందులోకి పర్సనల్ మెసేజ్‌లు పెట్టే పెద్దవాళ్ల మీద మోడరేటర్ కన్ను ఉండాలి. తేడా వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

మేము వాడే రూల్స్ తెలుగులోనే ఉన్నాయి, ఒక ఫోన్ స్క్రీన్‌లో పట్టేంత. ఫిర్యాదు ఫారం, శిక్షల షీట్, మోడరేటర్ల డ్యూటీ చార్ట్ కూడా ఉన్నాయి. కావాలంటే తీసుకుని మీ గ్రూప్‌కు తగ్గట్టు మార్చుకోండి, మా పేరు పెట్టక్కర్లేదు. సంక్రాంతికి మీలో ఎవరికైనా మోడరేటర్లు తక్కువైతే మా వాళ్లు నలుగురు సిద్ధంగా ఉన్నారు. రావడానికి ఒక్క షరతు. ఫైనల్లో వివాదం వస్తే చివరి మాట ఎవరిదో స్లాట్లు తెరవకముందే గ్రూప్‌లో రాసి పిన్ చేయాలి. ఆ తర్వాత స్పాన్సర్ ఫోన్ చేసినా, ఎమ్మెల్యే ఫోన్ చేసినా అది మారకూడదు. అలా రాసిన టోర్నమెంట్‌కు డబ్బులు లేకపోయినా వస్తాం. రాయనిదానికి ఎంత ఇస్తామన్నా రాము.

ఇట్లు,
మిర్యాలగూడ నుంచి మీ తోటి మోడరేటర్